తాజా సమస్య

అడిలైడ్‌లో ఒక ప్రైమరీ స్కూలుకి డిప్యూటీ ప్రిన్సిపల్‌ని నేను. అది చాలదన్నట్టు డాక్టరేట్ మొదలుపెట్టాను. శనివారాలు మాసన్ లేక్స్ క్యాంపస్‌లో క్లాసు. అక్కడ పాఠాలు చెప్పరు. నాలాంటి స్కూలు పెద్దలం వంతుల వారీగా ఎవరి స్కూలు సమస్య వాళ్ళం తెచ్చి ముందు పెట్టాలి, మిగతావాళ్ళు దాన్ని విప్పాలి. ఒకటే షరతు: సమస్య అప్పటికి తేలిపోయి ఉండకూడదు.

నా వంతు దగ్గర పడుతుండగా, విజయవాడ నుంచి కొత్తగా వచ్చిన ఒకావిడ నా ఆఫీసుకి వచ్చింది. కూతురు మా స్కూల్లోనే ఇయర్ ఫోర్, అంటే నాలుగో తరగతి. క్లాసులో నోరు విప్పదు.

"ఇంట్లో వసపిట్టే అక్కా. ఫస్ట్ వీక్‌లో దాని ఇంగ్లిష్‌కి నవ్వారంట, అంతే, క్లోజ్ అయిపోయింది. పక్క క్లాసులో మన తెలుగు పాప ఉందంట కదా, అందులోకి మార్చండక్కా, ప్లీజ్."

"చూస్తానమ్మా" అన్నాను.

మార్చడం నా చేతిలో పనే. కానీ మారిస్తే పిల్ల మాట్లాడేస్తుంది, నా దగ్గర సమస్య మిగలదు. ఇంత పచ్చిగా అనుకోలేదులెండి. తొందరపడకూడదు, లోతుగా చూడాలి అనుకున్నాను. చదువుకున్నవాళ్ళకి సాకులు కూడా బాగా చదువుకున్నవే దొరుకుతాయి. వారాల తరబడి ఆ పిల్ల రిసెస్‌లో లైబ్రరీ గోడకి ఆనుకుని ఒంటరిగా నిలబడుతుంటే, కిటికీలోంచి చూసి నోట్స్ రాసుకున్నాను.

నా శనివారం వచ్చింది. బోర్డు నిండా బాణాలు గీశారు. లంచ్ దాకా వాదించి, చివరికి పక్క క్లాసుకి మార్చి చూడమన్నారు. మంచి సమస్య తెచ్చావని క్లాసు నడిపే ఫెసిలిటేటర్ మెచ్చుకున్నాడు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టే అయింది. కాకపోతే చంకలో ఉందని నాకు ముందే తెలుసు. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

సోమవారం స్కూలుకి వెళ్ళగానే ఆవిడకి ఫోన్ చేశాను.

"అయ్యో, మీకు చెప్పనేలేదు, సారీ అక్కా. వీకెండ్‌లోనే నేనూ పాపా సిడ్నీ వచ్చేశాం. క్వేకర్స్ హిల్‌లో మా ఆడపడుచు వాళ్ళ దగ్గర ఉండి, ఇక్కడి స్కూల్లో వేస్తున్నాం. మా ఆయన జాబ్ అడిలైడ్‌లోనే కాబట్టి అక్కడే ఉంటారు. ఏం చేస్తాం, పిల్ల అన్నం కూడా మానేసింది. మీరు చెప్పే ఉంటారు, స్కూలు వాళ్ళే విని ఉండరు. మీరేం ఫీలవ్వకండి."

"ఊ" అన్నాను. అంతకన్నా నిజం నా నోట్లోంచి రాలేదు.

"ఉండండి, పాపకిస్తాను."

"థాంక్యూ ఆంటీ" అంది పిల్ల.

ఆ గొంతు నేను వినడం అదే మొదటిసారి.