ఎస్తేరమ్మ అవ్వ జొన్నచేనుకు నా కాపలా

పిట్టల ఫొటోలు తీసేవాణ్ని జొన్నచేనుకు కాపలా పెట్టకూడదని ఎక్కడా రాసి లేదు. రాసి ఉంటే ముడిమ్యాల ఊళ్లో ఆ ఘోరం జరిగేది కాదు, చర్చి నిండా జనం ముందు నేను తలదించుకునేవాణ్నీ కాదు.

అప్పట్లో నాకు కెమెరా కొత్త, మోకిలలో ఫ్లాటు కొత్త, తెలివి ఇంకా డెలివరీ కాలేదు. కంకి మీద ఊగుతూ నోట గింజ పట్టుకున్న పసుపు తల గిజిగాడి ఫొటో ఒక్కటి దొరక్కపోతే జన్మ వృథా అనుకునే రోజులు. ఎస్తేరమ్మ అవ్వ చేను గట్టు మీద రోజూ తిష్ట వేసేవాణ్ని.

ఒకనాడు అవ్వ అంది: "బిడ్డా, బువ్వ తిని వస్త. జర చేను చూడు. పిట్టలు వస్తే హో అను. గా ఎర్రదారం కట్టిన కంకులు ఆదివారం కోత పండుగకు, చర్చిల పెట్టేటియి. జాగ్రత్త."

"ఫికర్ చెయ్యకు అవ్వా, నేనున్న గద!"

అదే ఫికర్ చేయాల్సిన సంగతి.

కెమెరాలోంచి చూస్తే కంకుల వెనక, పిట్టలు బెదరడానికి కట్టిన రిబ్బను తళతళమంటోంది. ఫ్రేము పాడవుతోంది. విప్పేశాను. తర్వాత పక్కది. ఆపైన మొహమాటం పోయింది.

ముందు ఒక గిజిగాడు వచ్చాడు. నన్ను ఎగాదిగా చూసి, వీడితో ప్రమాదం లేదని తేల్చుకుని, వెళ్లి చుట్టాలందరినీ పిలుచుకొచ్చాడు. పెళ్లి పంక్తిలో కూర్చున్నట్టు కూర్చున్నారు. నేను ఆ పెళ్లికి ఫొటోగ్రాఫర్‌ని. హో అనాలని గుర్తుంది. అంటే ఎగిరిపోతారు కదా! అందుకని ఊపిరి కూడా బిగబట్టాను.

"కాపలా ఎట్లున్నది బిడ్డా?" అంటూ అవ్వ వచ్చింది.

"సూపర్ అవ్వా! గిది చూడు!"

కెమెరా తెర కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. "గీ ఎర్రదారం... గివి పండుగ కంకులు గాదు గద?"

"గవే అవ్వా! ఎంత క్లియర్‌గ వచ్చినయో చూడు!"

అవ్వ తలెత్తి చేను వైపు చూసింది. కంకులు నిలబడే ఉన్నాయి, గింజలే లేవు.

"రిబ్బను ఏది?"

నా జేబులోంచి తోకలా వేలాడుతోంది.

అవ్వ తిట్టలేదు. గట్టు మీద కూలబడింది. "మా పెనిమిటి ఉన్నప్పటి సంది చర్చికి ముందుగాల మా కంకులే పోతయి. ఇగ ఏం పట్కపోవాలె? మిగిలినయి పాలమీదనే ఉన్నయి, గింజ ముదరలే."

నిజంగా సిగ్గేసింది. "ఏం చెయ్యమంటవో చెప్పు అవ్వా."

"గా ఫొటోనే పెద్దగ చేపిచ్చి పట్కరా. కంకులు ఏడికి పోయినయో దేవునికి తెల్వాలె గద."

ఆదివారం గుమ్మడికాయలకూ క్యారెట్ కట్టలకూ మధ్య అద్దాల ఫ్రేములో నా గిజిగాడు కొలువుతీరాడు. ప్రార్థన తర్వాత ఆ కానుకల వేలం. "ఎవరన్న పాడుతరా?" అని పాస్టరు అయ్యగారు అడుగుతూనే ఉన్నారు. సొరకాయ కోసం పోటీ పడ్డవాళ్లు కూడా చూపు తిప్పుకున్నారు, నేను తల దించుకున్నాను. నేనే పాడదామని లేస్తుంటే వెనక నుంచి అవ్వ చెయ్యెత్తింది. నా కళ్లు చెమ్మగిల్లాయి. క్షమించింది, పైగా నా కళను గుర్తించింది!

వారం తర్వాత వెళ్లి అవ్వ ఇంటి గోడలన్నీ వెతికాను. "ఫొటో ఏదవ్వా?"

"చేన్ల ఉన్నది, రా."

నేను రిబ్బను విప్పిన చోటే, కర్రకు కట్టేసి ఉంది. గాలికి ఊగుతూ అద్దం ఎండకు మెరుస్తోంది.

"మంచిగ మెరుస్తది బిడ్డా. పిట్ట ఒక్కటి వస్తలేదు" అని అవ్వ అంటుండగానే ఒక గిజిగాడు దర్జాగా వచ్చి ఫ్రేము మీద వాలాడు. పసుపు తల, మూరెడు దూరం, వెనక ఒట్టి ఆకాశం. అంతటి ఫొటో మళ్లీ దొరకదు. చెయ్యి కెమెరా మీదికి పోయింది. అవ్వ నా వంక చూసింది.

"హో!" అన్నాను.

ఇకమీదట కాపలాకు కూర్చుంటే కెమెరా పట్టను, కెమెరా పడితే కాపలాకు కూర్చోను. ఆ ఫ్రేములోని గిజిగాడి సాక్షిగా ఇది నా ప్రమాణం. నోట్లో గింజ ఉంది కనక వాడు కాదనలేడు.