ముంజేతుల సిస్టర్

వరంగల్ టీబీ దవాఖానలో కృపమ్మ సిస్టర్‌కు రోగుల ముఖాలు గుర్తుండవు, ముంజేతులే గుర్తు. రెండు రోజుల కింద తాను పరీక్ష సూది వేసిన చోట లేచిన గట్టి బిళ్ళను వేలితో తడిమి, పెన్నుతో గీత పెట్టి, స్కేలుతో కొలుస్తుంది. పసుపు రాసుకొచ్చినవాళ్ళను కసురుతుంది. ఎనభైమూడు అక్టోబరులో ఘన్‌పూర్ మొగిలమ్మ ఉబ్బిన తన చెయ్యి చూసుకొని ఏడుపందుకుంది. "ఉబ్బంగనే రోగమైతదా? ఎక్స్‌రే తీస్తె ఎరుకైతది. ఎన్నడో క్రిమి నీ ఒంట్లకొచ్చింది. కొన్ని కణాలు దాన్ని మింగి, తునకను తీస్కపోయి ఒంట్ల కావలుండే టీ కణాలకు చూపెట్టినయి. అవి ఒక్కపారి చూస్తె మర్వయి. మొన్న నా సూదిల గసొంటి తునకలే ఉండె. గుర్తువట్టి ఉరికొచ్చినయి, గంతే," అంది కృపమ్మ. "నీకు గూడ ఉబ్బుతదా సిస్టరమ్మా?" అనడిగింది మొగిలమ్మ. కృపమ్మ తర్వాతి మనిషిని పిలిచింది.

కృపమ్మకు మూడేళ్ళున్నప్పుడు, పక్కలో పడుకోబెట్టుకున్న తల్లి టీబీతో పోయింది. ఫొటో లేదు, ఎక్కడ పాతిపెట్టారో చెప్పేవాళ్ళూ లేరు. తల్లి నుంచి దక్కింది ఆ క్రిమి ఒక్కటే. ఏటా సమాధుల పండుగకు రెండు రోజుల ముందు కృపమ్మ తన చేతికి తానే ఆ పరీక్ష సూది వేసుకుంటుంది. చర్చివాళ్ళంతా సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, గదిలో ఒక్కతే కూర్చుని ఉబ్బిన చోటును తడుముతుంది. స్కేలు తీయదు. తల్లి ముఖం ఆమెకు గుర్తులేదు. చేతికి గుర్తుంది తల్లి.