సహం తీరాన మోటబావి

డెబ్బైల చివర నేను ఒమాన్‌లో, సహంలో దిగిన కొత్త. సైట్‌కి పోతుంటే ఖర్జూరం చెట్ల నడుమ ఒక ముసలాయన ఎద్దును వాలులోకి తోలుతున్నాడు. వెనక తోలుసంచి నిండుగా పైకొస్తోంది. అచ్చం మా కరీంనగర్ పక్క మోటే. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. రూమ్‌లో చెబితే మా జగిత్యాల అతను నవ్వాడు. "సముద్రం దాటొచ్చినా నీకు ఎద్దులే దొరికినయా?"

ఆ ముసలాయన వయసులో నిమ్మకాయల పడవ మీద బొంబాయి పోయొచ్చినవాడు. ఇద్దరికీ వచ్చీరాని హిందీ ఉంది. చాచా అని పిలిచేవాణ్ని. సెలవు రోజొస్తే ఆయన మోట కొట్టేవాణ్ని. ఆయన ఎద్దు ఎండుచేపలు మేస్తుంటే మొదట నాకు నవ్వాగలేదు. ఆ తీరమంతా పశువులకు అదే మేత. తూర్పున సముద్రం, పడమర దూరంగా బోడికొండలు, మధ్యలో ఈ తోటలు. కొండల్లో కురిసిన వాన భూమి లోపల నడిచొచ్చి బావుల్లో తేలేది. ఆ నీళ్లమీదే నిమ్మ, నిమ్మ మీదే ఊరు బతికేది.

మా కంపెనీ పని డీజిల్ పంపులు బిగించడం. వాటితోపాటే జపాన్ నుంచి ఒక మెకానిక్ వచ్చాడు. మాట తక్కువ మనిషి. ఒకరోజు నట్లు బిగిస్తూ వచ్చీరాని ఇంగ్లీషులో తన ఊరి సంగతి ఎత్తాడు. చిన్న పట్నమట. వెనక మంచుకొండ, ముందు సముద్రం, నడుమ కాస్త నేల. తాతల కాలంలో అది పడవల రేవు. చేపలూ ఉప్పూ అమ్ముకుని బతికారు. తర్వాత కాగితం మిల్లులొచ్చాయి, చేతినిండా పనొచ్చింది. మిల్లులకు నీళ్లు కావాలని భూమిని పీల్చీ పీల్చీ, చివరికి బావుల్లోకి సముద్రాన్నే లాక్కున్నారట.

మరి ఇక్కడెందుకు బిగిస్తున్నావని అడిగాను. ఇంకో పానా అందించమన్నాడు. నాకు ఒళ్లు మండింది. అందించాను.

చాచా మాత్రం పంపు వద్దన్నాడు. పొద్దున మోట కొట్టి, ఎండ ముదిరేసరికి ఎద్దును విప్పేసేవాడు. బావి ఊరాలి కదా అనేవాడు. మా ఊళ్లోనూ అంతే. పంపుకి మాత్రం అలుపెక్కడిది? ఆయన చుట్టూ ఉన్న తోటలన్నిటికీ మేం పంపులు బిగించేశాం.

రెండో వేసవికి ఆయన నిమ్మాకుల అంచులు మాడాయి. ఎండ దెబ్బ అనుకున్నాం. తర్వాత ఎద్దు మోట నీళ్ల తొట్టి దగ్గరికొచ్చి, వాసన చూసి, మూతి తిప్పుకుంది. చేపల ఉప్పు ఎక్కువై నోరు చెడిందని చాచా మేత మార్చాడు. నేనూ పెద్ద తెలిసినవాడిలా దాని నాలుక పట్టి చూసి గాలికుంటు రోగమన్నాను. మనుషులు తాగే నీళ్లు మసీదు బావి నుంచి వచ్చేవి గనక, తొట్టిలో నీళ్లు ఎవరం నోట పెట్టలేదు.

ఎద్దు బక్కచిక్కిపోతుంటే చూడలేక జపానాయన్ని తీసుకెళ్లాను. ఆయన ఎద్దు వైపు చూడను కూడా చూడలేదు. తొట్టిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. నేనూ పెట్టుకున్నాను. ఉప్పు.

నీళ్లు మళ్లీ తీపెప్పుడవుతాయో జపానాయన్ని అడగమన్నాడు చాచా. ఆయనకున్నది ఆ తోట ఒక్కటే. నా పదో తరగతి ఇంగ్లీషులో అడిగాను. వచ్చిన జవాబు దాచబుద్ధయింది. కానీ ఆయన నా ముఖంలోకే చూస్తున్నాడు, అందుకని ఉన్నదున్నట్టు చెప్పాను. "వాళ్ల ఊళ్లో ఈయన పెళ్లినాటికే చెడ్డాయట చాచా. తీపెక్కుతాయేమోనని ఇంకా ఎదురుచూస్తున్నారట."

చాచా తొట్టి అంచు తుడవడం మొదలుపెట్టాడు. నీళ్లు పెడితే చెట్లు ఉప్పుకి చస్తాయి, మానేస్తే ఎండకి చస్తాయి. ఆ లెక్క రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"నేను పంపు పెట్టలేదు కదా, బేటా," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆ మాటను ఇంగ్లీషులో చెప్పమని ఆయన అడగలేదు. ఏమన్నాడని జపానాయనా అడగలేదు.