మా అవుట్ సార్

నిన్న పొద్దున పుంగనూరులో వ్యాన్‌లోకి పాల క్యాన్లు ఎక్కిస్తుంటే ఫోన్ మోగింది.

స్క్రీన్ మీద "అవుట్ సార్".

నవ్వుకుంటూ ఎత్తాను. "ఏం సార్, పొద్దన్నే..."

ఆయన కాదు. ఆయన కూతురు.

"అన్నా, నాయన లేడన్నా. నిద్దట్లోనే పోయినాడు."

వెనక బస్సువాడు హారన్ కొడుతూనే ఉన్నాడు. వ్యాన్ పక్కకు తియ్యాలని ఎక్కి కూర్చున్నా. ఏ గేర్ వెయ్యాలో చేతికి తెలియలేదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. దేవదానం సార్. మదనపల్లె మిషన్ స్కూల్లో మా డ్రిల్ సార్. తొమ్మిదిలో బడి ఎగ్గొట్టి పారిపోయిన నన్ను వదిలిపెట్టని ఒకే ఒక్క సార్.

ఆయనకు టెన్నిస్ పిచ్చి. ఆడటం కాదు. లైన్ మీద కూర్చోవడం.

బాల్ గీత లోపల పడిందా, బయట పడిందా చెప్పే లైన్ అంపైర్ ఉంటాడు కదా, అదీ.

స్కూల్ వెనక మట్టి కోర్టులో సున్నంతో గీత వేసి, దాని చివర స్టూల్ మీద కూర్చునేవారు. రెండు చేతులూ మోకాళ్ళ మీద. రెప్ప కొట్టేవారు కాదు. మమ్మల్ని బాల్స్ కొట్టమని, ఒక్కోదానికీ కాల్ చెప్పేవారు.

ఒకసారి నేనూ కూర్చున్నా. పదిట్లో ఆరు తప్పు.

"బాల్‌ని సూస్తాండావురా నువ్వు. బాల్ ఎగర్తాది, మోసం చేస్తాది. గీతని సూడు. బాలే వచ్చి గీత కాడ కనపడతాది."

వినడానికి ఈజీ. ఎప్పుడైనా ట్రై చేసి చూడండి. బాల్ దూసుకొస్తుంటే కన్ను అటు పోకుండా ఆపడం మనుషుల వల్ల అయ్యే పని కాదు.

ఆయన వల్ల అయింది.

అంపైర్ల పరీక్షలు పాసయ్యారు. చిన్న టోర్నమెంట్లు, పెద్ద టోర్నమెంట్లు. ఒక ఏడాది మన ఇండియా టీమ్ మద్రాసులో గడ్డి కోర్టు మీద ఫారిన్ టీమ్‌తో ఆడుతోంది. ఏ దేశంలో ఆడితే లైన్ల మీద ఆ దేశం వాళ్ళే కూర్చుంటారు. లిస్టులో మా సార్ పేరు!

ఇండియా టీమ్ అంటే ఆయనకు ప్రాణం. ప్రతి మ్యాచ్ పేపర్ కటింగ్ నోట్‌బుక్‌లో అంటించుకున్న మనిషి. ఇప్పుడు వాళ్ళ పక్కనే మూడు రోజులు.

కానీ లైన్ మీద కూర్చున్నవాడు చప్పట్లు కొట్టకూడదు. అది రూల్.

మూడో రోజుకు ఐదు మ్యాచ్‌ల్లో చెరి రెండు గెలిచారు. ఆఖరి మ్యాచ్, ఐదో సెట్. మ్యాచ్ పాయింట్ వాళ్ళది, ఇంకొక్క పాయింట్ వస్తే గెలిచేస్తారు. ఇక్కడ మదనపల్లె బస్టాండ్ దగ్గర టీ కొట్టు టీవీ ముందు నిలబడ్డానికి చోటు లేదు.

మనోడు గట్టిగా లాగి కొట్టాడు. బాల్ వెళ్ళి సరిగ్గా సార్ గీత దగ్గర పడింది.

మేమంతా "లోపలే! లోపలే!"

టీవీలో ఒక చెయ్యి పక్కకు లేచింది.

"అవుట్!"

మా సార్ గొంతు.

అంతే. ఇండియా ఓడిపోయింది.

"థూ, మనోడే కదరా! గమ్మునుండింటే సాలు కదా!"

"రవ్వంత దానికి యాల అరిసినాడప్పా?"

అప్పుడే ఎవడో అన్నాడు. "ఇంక ఆయప్ప డ్రిల్ సార్ కాదు, అవుట్ సార్!" కొట్టంతా నవ్వింది.

మర్నాడు సార్ రైల్లో కుప్పంలో దిగారు. అప్పటికే నేను పాల వ్యాన్ నడుపుతున్నా, అక్కడే ఉంటే ఎక్కించుకున్నా. పలమనేరు దాటింది. చివరికి నేనే ఆగలేకపోయా.

"సార్, కొట్టింది మనోడని తెల్దా మీకు?"

"తెల్దురా."

"అబద్ధం సెప్పొద్దు సార్."

"గీతని సూస్తాండా. ఎవురు కొట్నారో గీతకి తెల్దు కదా. గీతకీ బాల్‌కీ మద్దెన రవ్వంత పచ్చ గడ్డి కనపడింది. నోరు దానంతట అదే తెరుసుకున్నింది."

కిటికీ వైపు తిరిగారు.

"తల ఎత్తినాక తెలిసింది. మనోడు నా పక్కే సూస్తాండాడు. తల ఊపి నెట్ కాడికి పోయినాడు. అవుటని ఆయప్పకీ తెల్సు. నా చెయ్యి మాత్రం ఇంకా అట్నే ఉండాది. దించాలని తోచలేదు."

పుంగనూరు వచ్చేదాకా ఆయన భుజాలు కదులుతూనే ఉన్నాయి. నేను రోడ్డే చూస్తూ నడిపాను.

ఆ పేరు ఊరంతా పాకింది. పిల్లలు స్కూల్ గోడెక్కి చెయ్యి చాపి "అవుట్!" అని అరిచేవాళ్ళు. సార్ ఒక్కరినీ కొట్టలేదు, తిట్టలేదు. పైగా, "చెయ్యి వంకరగా ఉండాదిరా, తిన్నగా సాపు" అని సరిదిద్దేవారు.

కొన్నేళ్ళకు నేను సెల్ కొన్నా. నంబర్ ఏ పేరుతో పెట్టుకోవాలని అడిగితే,

"అవుట్ సార్ అని పెట్టుకో. సార్లు చానామంది ఉండారు. అవుట్ సార్ నేనొక్కడే."

నా గొంతు దాకా ఒక మాట వచ్చింది. ఆగిపోయింది. ఆయన నా మొహాన్ని గీతను చూసినట్టు చూశారు. ఏమీ అడగలేదు.

ఆ మాట ఇప్పుడు చెప్తున్నా సార్. ఊరంతా చదవనీ.

ఆ రోజు టీ కొట్లో ఆ పేరు పెట్టినవాడు ఎవడో కాదు. నేనే.

దేశం మొత్తం బాల్ వెనక పరిగెత్తుతుంటే గీతను చూసిన ఒక్క మనిషికి, నేను ఎగతాళి పేరు పెట్టాను. ఆయన దాన్ని మెడల్ చేసుకున్నారు.

వెళ్ళి రండి సార్. అక్కడ హాయిగా కూర్చోండి. ఇంక చేతులు మోకాళ్ళ మీద పెట్టుకోవాల్సిన పని లేదు.

మనోళ్ళు ఆడేటప్పుడు, తనివితీరా చప్పట్లు కొట్టుకోండి.