కంప దాటిన సోదా

రిటైరవడానికి మూడేళ్ల ముందు, ఒక ఏప్రిల్‌లో, కదిరి దగ్గరి ఎక్సైజ్ స్టేషన్‌కు నన్ను ఎస్సైగా వేశారు. చేరిన వారానికే కబురందింది: గొర్రెల కాపరి ఓబులేసు తన ఇంటి వెనక, మేతకు వేసుకున్న వేరుశనగ కట్టె వామిలో నాటుసారా కాచే బెల్లం ఊట దాచాడని.

ఇంట్లోగానీ, ఇంటిని ఆనుకున్న దొడ్డిలోగానీ వారెంటు లేకుండా సోదా చేయాలంటే, ఎందుకు ఆగలేకపోతున్నామో ముందే రాసిపెట్టాలి. బయలు పొలానికి ఆ బాధ లేదు. ఓబులేసు వామి చుట్టూ, మేకలు మీద పడకుండా మా వైపు అందరూ వేసేటట్టే, తుమ్మకంప ఉంది. అంటే అది దొడ్డే. నేనేమో ఆత్రం కొద్దీ ఒక్క ముక్కా రాయకుండానే కానిస్టేబుల్ మద్దిలేటితో కంప దాటాను. రెండు డ్రమ్ముల ఊట దొరికింది.

అప్పుడు గుర్తొచ్చింది కాగితం. నా అతితెలివి చూడండి! ఇద్దరు సాక్షుల ఎదుట రాసే మధ్యవర్తుల నివేదికలో ‘కంచె లేని బయలు పొలం’ అని రాయించాను.

అది చదివి వినిపిస్తుంటే ఓబులేసు అడ్డం వచ్చాడు. “ఏమప్పా సార్, ఇంత కంప ఈడుంటే లేదంటారే?”

నోర్మూసుకోమని రిమాండుకు పంపాను.

అతనికి జైలు ఖాయమనుకున్నాను. కోర్టులో బోనెక్కి, కంచె లేదని ప్రమాణం చేసి మరీ చెప్పాను. ఒకరి సాక్ష్యం మరొకరు వినకూడదు గనుక మద్దిలేటి అంతసేపూ బయటే ఉన్నాడు. అతని వంతు వచ్చాక డిఫెన్సు వకీలు, పాపం ఎండలో చాలా కష్టపడినట్టున్నారే అని మెత్తగా కదిపాడు.

మద్దిలేటి కరిగిపోయాడు. “ఏం చెప్పమంటారు సార్! కంప దాటుతాంటే ఇంత ముల్లు దిగె. వారం దినాలు కాలు కింద పెట్టలేకపోతి.”

వెనక బెంచీలో నేను తల పట్టుకున్నాను.

సోదాలో లోపం ఒక్కటే అయితే దాన్ని పక్కనపెట్టి కేసు చూసేవాళ్లమనీ, అధికారి మాటే నమ్మేటట్టు లేదనీ చెప్పి జడ్జిగారు కేసు కొట్టేశారు.

మెట్ల దగ్గర ఓబులేసు దండం పెట్టాడు. “ఊట నాదే సార్. ఉన్నదున్నట్టు రాసింటే ఈపాటికి లోపలుండేవాణ్ని.”

సిగ్గుతో చచ్చిపోయాను. కాగితం రాయకపోవడం తప్పే, కానీ కేసు పోయింది దానివల్ల కాదు. దాన్ని కప్పిపుచ్చబోయి రాసిన నాలుగు మాటలవల్ల పోయింది. మిగిలిన సర్వీసంతా ముందు కంపను కాగితం మీదికి ఎక్కించి, ఆ తర్వాతే దాటాను.