హీరో పక్కనున్నామె

ఆసుపత్రిలో ఆమెను అందరూ నడక టీచరు అనేవారు. ఉద్యోగం ఫిజియోథెరపిస్టు. ఆ మాటకు నోరు తిరగని ఒక ముసలాయన ఎప్పుడో అలా పిలిచాడు. ఆయన నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిపోయాడు, పేరు మాత్రం ఇక్కడే ఉండిపోయింది. ఆసుపత్రి వెనకవైపు, దుప్పట్లు ఉతికే గదిని ఆనుకుని ఆమె గది. రెండు పొడవాటి ఇనుప కడ్డీలు, ఒక నిలువుటద్దం, ఎక్కి దిగడానికి చెక్క మెట్లు. పక్షవాతం వచ్చినవాళ్ళు, తుంటి విరిగినవాళ్ళు ఆ కడ్డీలు పట్టుకుని నిలబడి, అడుగు వేయడం ఇంత పెద్ద పనా అని బిత్తరపోయేవారు. "కిందికి చూడకండి, నన్ను చూడండి. ముందు మడమ, తర్వాత వేళ్ళు" అంటూ ఆమె వాళ్ళ ఎదురుగా వెనక్కి వెనక్కి నడిచేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే మాట. ఇంట్లో కూతురు ఆ గొంతును అచ్చం దింపేసేది. అప్పుడు తల్లీ తండ్రీ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వేవారు.

సినిమా పిచ్చి ఆమెకు లేదు. ఆమె వంతు కూడా భర్తకే ఉంది. అతను టైల్స్ దుకాణంలో సేల్స్‌మన్. అన్నం ముందు ఫోన్ నిలబెట్టుకుని, ఏ హీరో ఏ హీరోయిన్‌తో తిరుగుతున్నాడో, ఎవరి కాపురం ఎందుకు కూలిందో చెప్పే వీడియోలు చూస్తూ తినేవాడు.

"వాళ్ళ పడగ్గది సంగతి వీళ్ళకెలా తెలుసండీ?" అనేది ఆమె.

"ఏదో ఉండే ఉంటుందిలే. ఊరికే అంటారా?" అనేవాడు, కూర కలుపుకుంటూ.

అలాంటి వీడియోల్లో రోజూ కనిపించే హీరో ఒకరోజు ఆమె గదిలోకి వచ్చాడు. భోజనాల వేళ అయింది, గదిలో ఎవరూ లేరు. వెనక గేటు నుంచి మేనేజరు అతన్ని చక్రాల కుర్చీలో తోసుకొచ్చాడు. నాట్యానికి పేరున్న హీరో. అతని పాటకు జనం థియేటర్లో కుర్చీలెక్కి ఎగిరేవారు. ఇప్పుడు ఎడమకాలు మాట వినడం లేదు. పాదం తడిబట్టలా వేలాడుతోంది. పక్షవాతం చిన్నదే, కానీ సినిమా సగంలో ఉంది.

"విషయం ఈ గది దాటకూడదు మేడమ్. దాటిందంటే సారు కెరీర్ గోవిందా" అన్నాడు మేనేజరు.

"ఇక్కడికొచ్చే వాళ్ళెవరి సంగతీ గది దాటదండీ. సారుకి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు" అంది ఆమె.

ఆ మాట మీదే నిలబడింది. భర్తకు కూడా చెప్పలేదు. ఆ హీరో పాత పాట వస్తే అతను సౌండ్ పెంచేవాడు. ఆమె వంటింట్లో పెదవి బిగించుకుని గిన్నెలు కడిగేది.

హీరో మంచి పేషెంటు. చెప్పింది చెప్పినట్టు చేసేవాడు. చిన్నపిల్లాడిలా భయపడేవాడు కూడా.

"టీచరుగారూ, మళ్ళీ డాన్స్ చేస్తానంటారా?"

"ముందు బాత్రూంకి ఎవరి సాయం లేకుండా వెళ్దాం సార్. డాన్స్ సంగతి ఆ తర్వాత చూద్దాం."

అతను నవ్వేవాడు. మూతి ఒకవైపే నవ్వేది. వారాలు గడిచేకొద్దీ రెండో వైపు కూడా కదలసాగింది.

కర్ర లేకుండా వెనక వాకిట్లోని వాలు దారి దిగిన రోజున, చివరి అడుగులో అతని పాదం తట్టుకుంది. ఆమె ఒక్క అంగలో వెళ్ళి నడుము పట్టుకుంది. పడలేదు. కానీ ఇన్నాళ్ళూ బిగబట్టుకున్నదంతా అక్కడ తెగిపోయింది. ఆమె భుజం మీద తల ఆన్చి వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమెకది కొత్త కాదు. ఆ వాకిట్లో ఆ భుజం మీద ఏడ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. వీపు తట్టి, "అయిపోయింది సార్, దిగేశారు" అంది.

ప్రహరీ అవతల టీ కొట్టు దగ్గర నిలబడ్డవాడెవడో ఫోన్ ఎత్తాడు.

సాయంత్రానికల్లా ఆ ఫొటో ఊరంతా పాకింది. హీరో ముఖం చుట్టూ ఎర్ర గీత, ఆమె ముఖం మీద ప్రశ్నార్థకం. "ఆసుపత్రి వెనక హీరో గుట్టు! కౌగిట్లో ఉన్న ఆమె ఎవరు?" అని ఒక గొంతు అరిచింది. వెనకాల ఢమఢమ సంగీతం. ఆమె ఎవరో వేరే ఊళ్ళవాళ్ళకు తెలియకపోయినా, వీధివాళ్ళకు ఆ జడ తెలుసు, ఆ తెల్లకోటు తెలుసు.

భర్త మొదట నవ్వాడు. "నిన్ను పట్టుకుని హీరోగారి ప్రేయసంటారేంటే వీళ్ళు! ఇంతకీ ఆయన మీ ఆసుపత్రికి ఎందుకొచ్చాడు?"

"నా పేషెంటండీ."

"ఏం జబ్బు?"

"అది అడక్కండి."

"నాకు కూడా చెప్పవా?"

"మీకనే కాదు, ఎవరికీ చెప్పకూడదు."

అతని నవ్వు ముఖం మీద ఉన్నది ఉన్నట్టే ఆగిపోయింది.

మర్నాటికి ఆమె పేరు బయటికొచ్చింది. ఆ పై రోజుకి పెళ్ళి ఫొటో వచ్చింది, అందులో భర్త ముఖాన్ని మసకగా చేసి. ఎవరో చుట్టాల దగ్గర సంపాదించి ఉంటారు. ఇంటి ముందు కెమెరాలతో ఇద్దరు ముగ్గురు కాపు కాశారు. టైల్స్ చూడటానికొచ్చినవాళ్ళు టైల్స్ వదిలి భర్తను చూసి పోయేవారు. యజమాని అతన్ని కౌంటర్ నుంచి తీసి వెనక గోడౌన్‌లో వేశాడు. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు ఆమెను పిలిచి, తలెత్తకుండానే, "కొన్నాళ్ళు సెలవులో ఉండమ్మా. గొడవ సద్దుమణిగాక చూద్దాం" అన్నాడు. నిజం తెలిసిన వాళ్ళలో ఆయనొకడు.

అన్నిటికన్నా కూతురు సంగతే ఆమెను కోసేసింది. ఎనిమిదో తరగతి పిల్ల. బడి నుంచి వచ్చి, సంచి కింద పెట్టకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏమైందే?"

"నా ముక్కు ఆయన ముక్కులా ఉందంటున్నారమ్మా. ఫొటోలు పక్కపక్కన పెట్టి అందరికీ పంపారు."

ఆమె దగ్గరికి తీసుకోబోయింది. పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ తర్వాత బడికి వెళ్ళనంది. అద్దం చూసుకోవడం మానేసింది.

నడక టీచరు అప్పుడు హీరోకు ఫోన్ చేసింది. చాలాసార్లు చేశాక అతనే ఎత్తాడు.

"సార్, ఒక్క మాట చెప్పండి చాలు. జబ్బు పేరు చెప్పక్కర్లేదు. ఆమె నాకు వైద్యం చేసింది అనండి, అంతే."

"చెప్తాను టీచరుగారూ. ఒక్క పాట మిగిలింది. అది తీసేముందు సినిమా వేడుక సభ ఉంది, అక్కడ నేనే నలుగురి ముందూ చెప్తాను. నన్ను నమ్మండి."

నమ్మింది. భర్తకు చెప్పింది. అతను ఆ సభ కోసం రోజులు లెక్కపెట్టుకున్నాడు. ఆ సాయంత్రం ముగ్గురూ టీవీ ముందు కూర్చున్నారు. కూతురు కూడా చాలా రోజుల తర్వాత గదిలోంచి బయటికొచ్చి తండ్రి పక్కన చేరింది. ఈలలు, కేకల మధ్య హీరో వేదిక మీదికి నడిచొచ్చాడు. ఆమె కళ్ళు ముందు అతని కాలి మీదికే వెళ్ళాయి. ముందు మడమ, తర్వాత వేళ్ళు. ఎక్కడా ఈడ్పు లేదు. ఎంత వద్దనుకున్నా లోపల ఎక్కడో సంతోషం పొంగింది.

ఒక విలేఖరి లేచి ఆ ఫొటో గురించి అడిగాడు. హీరో మేనేజరు వైపు ఒకసారి చూశాడు. తర్వాత నవ్వాడు. మూతి రెండువైపులా చక్కగా నవ్వాడు.

"ఆమె ఎవరో నాకు తెలీదండీ. బంధువుని చూడ్డానికి ఆసుపత్రికెళ్ళాను. అభిమాని అనుకుంటా, మీద పడిపోయింది. తోసేయలేం కదా పాపం."

సభంతా గొల్లున నవ్వింది.

భర్త టీవీ కట్టేశాడు. పిల్ల లేచి తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

"చెప్పెయ్ నిజం. ఇంకా ఎవరి కోసం దాస్తావు? నీ గురించి ఆయనకి లేని బాధ ఆయన గురించి నీకెందుకే?"

"ఆయన కోసం కాదండీ. రేపు ఇంకో పేషెంటు నన్ను నమ్మి..."

"రేపు నీ దగ్గరికి ఏ పేషెంటు వస్తాడు?"

అతనే నేల చూస్తూ, మెల్లిగా మళ్ళీ అడిగాడు. "ఒక్కటి చెప్పు. ఆయన నీ భుజం మీద తల ఎందుకు పెట్టాడు?"

ఇన్నాళ్ళూ లోకం అడిగినవేవీ ఆమెకు ఇంతగా తగల్లేదు. ఏడ్చాడని చెప్తే ఎందుకేడ్చాడంటాడు. అక్కణ్ణుంచి మొత్తం చెప్పాలి. చెప్పకుండానే నమ్ముతాడనుకుంది.

"మీరు కూడానా?" అంది.

పొద్దున అతను పిల్లను తీసుకుని అక్కగారింటికి వెళ్ళాడు. "కొన్నాళ్ళే" అన్నాడు.

ఆ ఒంటరి రోజుల్లో ఒక వీడియో చానల్ అమ్మాయి వచ్చింది. మెత్తగా మాట్లాడింది. "అక్కా, మీ తరఫు ఎవరూ చెప్పడం లేదు. మీరే చెప్పండి" అంది. నడక టీచరు ఒప్పుకుంది. నిజంగానే మొత్తం చెప్పేద్దామనుకుని, తల దువ్వుకుని కూర్చుంది. కాలరుకు చిన్న మైకు తగిలించారు.

"ఆయన మీ పేషెంటే కదక్కా? ఏం జబ్బు? పక్షవాతమా? క్యాన్సరా? ఇంకేమైనా, బయటికి చెప్పుకోలేనిదా?"

ఆ ఆఖరి మాటకు అమ్మాయి కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు ఆమె చూసింది. మైకు తీసి బల్ల మీద పెట్టి, "వెళ్ళండమ్మా" అంది. వాళ్ళు వెళ్ళారు. "ప్రశ్న అడగ్గానే మైకు పీకేసిన ప్రేయసి!" అన్న వీడియో మాత్రం వెళ్ళకుండా ఉండిపోయింది.

సినిమా ఇంకా విడుదల కాలేదు. ఆ ఒక్క పాట చిత్రీకరణలో హీరో కుప్పకూలాడు. ఈసారి పెద్దదే వచ్చింది. కుడివైపు మొత్తం పడిపోయింది, మాట పోయింది. దాచడానికి వీల్లేకపోయింది. పాత జబ్బు సంగతి కూడా బయటపడింది. ఆ ఫొటోలో ఉన్నది వైద్యం చేసిన మనిషేనని చివరికి తేలింది. ఎవరైనా క్షమాపణ చెబుతారేమోనని ఆమె ఒక పూట ఎదురుచూసింది. అదే గొంతు, అదే ఢమఢమతో అరిచింది: "హీరో ఈ స్థితికి ఆమె వైద్యమే కారణమా?"

అభిమానులు ఆమె ఇంటి కిటికీ అద్దాలు పగలగొట్టారు. ఆసుపత్రి ఆమె సెలవును పొడిగిస్తూ పోయి, ఆఖరికి ఆ పోస్టే లేదంది.

భర్త తిరిగొచ్చాడు. పగిలిన అద్దాలు తనే ఊడ్చాడు. కొత్తవి తనే బిగించాడు. తప్పయిందని నోటితో అనలేదు గానీ, ఆ రోజు నుంచి భోజనం దగ్గర ఫోన్ పెట్టుకోవడం మానేశాడు. పిల్లను మరో బడిలో చేర్చారు. అక్కడ తల్లి ఏం చేస్తుందని అడిగితే ఇంట్లోనే ఉంటుందని చెప్పేదట. ఆ సంగతి తల్లికి వేరేవాళ్ళు చెప్పారు. ఆమె పిల్లను అడగలేదు.

ఒకరోజు హీరో భార్య ఫోన్ చేసింది. అంతకుముందు ఆ గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు.

"ఎవరొచ్చి చేయించినా కాలు కదపట్లేదమ్మా. మీ మీద నమ్మకం ఆయనకి. ఒక్కసారి రండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"అంత మాటనకండి" అంది ఆమె. తనతో చదువుకున్న ఒకాయన పేరు చెప్పి, ఆయన బాగా చేయిస్తాడంది. ఆవిడ బతిమాలుతున్నంతసేపూ వెళ్తాననే అనుకుంది. కానీ వెళ్ళలేకపోయింది. ఫోన్ పెట్టేశాక, అతని పాదం తడిబట్టలా మంచం మీంచి వేలాడటం కళ్ళ ముందు కదిలింది. అది కక్షో భయమో ఆమెకే తేలలేదు.

కొన్ని నెలలకు హీరో పోయాడు. టీవీలన్నీ రోజంతా అతని పాటలే వేశాయి. భర్త చూడలేదు.

ఇప్పుడామె ఇళ్ళకు వెళ్ళి వైద్యం చేస్తోంది. కొందరు గుమ్మంలోనే గుర్తుపట్టి, పిలిచినందుకు ఇబ్బంది పడతారు. కొందరు మంచినీళ్ళిచ్చి, అప్పుడు అసలేం జరిగిందని మెల్లిగా మొదలుపెడతారు. ఆమె రోగి వైపు తిరిగి పని చూసుకుంటుంది. ఇంటికొచ్చేసరికి చీకటి పడుతుంది. భర్త అన్నం వండి ఉంచుతాడు, ఇద్దరూ కలిసి తింటారు, పిల్ల చదువు గురించి మాట్లాడుకుంటారు. భుజం మీద తల సంగతి అతను మళ్ళీ ఎత్తలేదు. ఆమె కూడా చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికి అడ్డమేమీ లేదు, చెప్పించుకునే మనిషి మీదే మనసు విరిగింది.