పెద్దాయన మనుషులు

చర్చిలో పెట్టిన పేరు అనస్తాసియా బర్గిన్. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక కిల్‌బ్రాకన్‌లో ఎవరికీ లేక చివరిదాకా అందరికీ స్టేషాగానే ఉండిపోయింది.

ఆమె చిన్నతనంలో ఒక ఏడు ఆలుగడ్డ పంట కుళ్ళిపోయింది. కౌలు కట్టలేదని భూస్వామి మనుషులు పోలీసులతో వచ్చి, ఇంటి గోడను దూలంతో పొడిచి కూల్చారు. తండ్రి ఆ చలికాలం రోడ్డు పక్క పాకలో దగ్గి దగ్గి చనిపోయాడు. అన్న ఫింటన్‌కి అప్పటికి మీసాలు కూడా సరిగా రాలేదు. తల్లినీ చెల్లెల్నీ వెంటబెట్టుకుని మేనమామ సున్నపు బట్టీకి వెళ్ళి, రాళ్ళు మోసే పనికి కుదిరాడు. మేనమామకి పిల్లల్లేరు. ఆయన పోయాక బట్టీ ఫింటన్‌దే అయింది. స్టేషాకి తండ్రి ముఖం లీలగా తప్ప గుర్తులేదు. తండ్రి అనగానే ఆమె మనసులో మెదిలేది సున్నం పొడితో తెల్లబడిన అన్న కనుబొమలే.

ఆమె పెళ్ళి కుదిర్చిందీ ఫింటనే. వరుడు బజారు చివర కొలిమి పెట్టుకున్న కీరన్ హొలొహన్. మాట తక్కువ, భుజబలం ఎక్కువ. ఆదివారం పూజ అయ్యాక బావాబావమరుదులిద్దరూ చర్చి గోడకి ఆనుకుని పైపు కాలుస్తూ కబుర్లాడుకునేవారు. వాళ్ళ కబుర్లన్నీ ఒక్క మనిషి గురించే.

ఆ మనిషి హ్యూ లవెట్. జనం నోట ఆయన 'పెద్దాయన'. తనూ ఒక భూస్వామి కొడుకే. చర్చి వేరు, యాస వేరు. చలిమంట దగ్గర కూర్చోబెట్టినా నవ్వే రకం కాదు. అయితే లండన్ పార్లమెంటు సభలో లేచి నిలబడ్డాడంటే తెల్లవారేదాకా దొరల్ని కూర్చోనిచ్చేవాడు కాదని చెప్పుకునేవారు. ఊరూరా తిరిగి ఆయన చెప్పింది ఒక్కటే. న్యాయమైన కౌలు తప్ప కట్టకండి, ఖాళీ చేయించిన పొలంలోకి ఎవడు దిగినా వాడికి నిప్పు కూడా ఇవ్వకండి. కీరన్ అలాంటివాడి గుర్రానికి లాడం కొట్టనన్నాడు. ఫింటన్ సున్నం అమ్మనన్నాడు. అందుకు ఇద్దరూ ఒకే చలికాలం ఒకే జైలుగదిలో గడిపారు. తిరిగి వచ్చిన రోజు ఊరు ఊరంతా ఎదురెళ్ళి బ్యాండుతో తీసుకొచ్చింది. ఫింటన్ తన పెద్దకొడుక్కి హ్యూ అని పేరు పెట్టాడు. స్టేషా మరియమాత పటం పక్కన పెద్దాయన పటం తగిలించింది. కౌళ్ళు నిజంగానే తగ్గాయి. ఆ నాలుగైదేళ్ళే తన బతుకులో మంచి కాలమని ఆమె తర్వాత తర్వాత అనుకునేది.

ఆ పటం మీద గొడవ మొదలైంది ఫింటన్ ఇంట్లోనే. పెద్దాయన ఎన్నో ఏళ్ళుగా పరాయి మనిషి భార్యతో కాపురం చేస్తున్నాడని లండన్ కోర్టులో బయటపడింది. ఆవిడ మొగుడు విడాకుల దావా వేస్తే పెద్దాయన కాదనలేదు సరిగదా, కోర్టుకే రాలేదు. బిషప్పులు ఆయన్ని వదిలేయమన్నారు. సభలో ఆయన సొంత మనుషులే రెండుగా చీలిపోయారు. ఆ ఆదివారం ఫాదర్ పూజావేదిక మీది నుంచే, ఆ మనిషికి జై కొట్టేవాడు నా దగ్గరికి పాపవిమోచనానికి రానక్కర్లేదు అని చెప్పేశాడు.

పూజ అయ్యాక తన ఇంట్లో భోజనాల దగ్గర ఫింటన్ క్యాబేజీ, మాంసం వైపు కూడా చూడలేదు.

"ఆ పటం తీసెయ్యి చెల్లీ."

"అది మా గోడ మీద ఉంది బావా," అన్నాడు కీరన్. "నీ గోడ మీద కాదు."

"సిగ్గులేదూ? మనిద్దరం ఆ చలిలో ఒక్క దుప్పటి కింద వణుక్కుంటూ పడుకున్న రాత్రుళ్ళు ఆయనెక్కడున్నాడు? ఆవిడ ఇంట్లో! వెచ్చగా!"

"ఎక్కడుంటే నాకేం? మన కౌలు తగ్గించాడా లేదా?"

"నా కొడుక్కి ఆయన పేరు పెట్టుకున్నాను కీరన్." ఫింటన్ కంచం పక్కకి నెట్టాడు. "వాణ్ణి మొన్న బళ్ళో ఏమని ఏడిపించారో తెలుసా నీకు? నేను మా నాన్న కంటే ఆయన్నే ఎక్కువ నమ్మాను."

"అది నీ తప్పు. నేను దేవుణ్ణి ఎన్నుకోలేదు, సభకి మనిషిని ఎన్నుకున్నాను."

ఫింటన్ లేచి తలుపు తీసి పట్టుకున్నాడు. కీరన్ టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. స్టేషా తమ ఇద్దరాడపిల్లల చేతులు పట్టుకుని అన్న వైపు చూసింది. అతను తల తిప్పుకున్నాడు.

ఆ తర్వాత కొలిమికి బేరాలు తగ్గాయి. ఫాదర్ మాట కాదని లాడం కొట్టించుకునే ధైర్యం చాలామందికి లేకపోయింది. వేసవిలో లండన్ సభకి ఆ ప్రాంతపు సభ్యుడు చనిపోయి ఉపఎన్నిక వచ్చింది. తన మనిషిని గెలిపించుకోవడానికి పెద్దాయన స్వయంగా కిల్‌బ్రాకన్ వచ్చాడు.

సంత రోజు. పైకప్పు లేని బండిలో నిలబడి ఉన్నాడు ఆయన. మనిషి సగమైపోయాడు, పటంలో ఉన్న గడ్డమే తప్ప ముఖం వేరు. ఒక పక్క జైకొడుతున్నారు, ఇంకో పక్క ఆడవాళ్ళు కూడా పెళ్ళాల దొంగ అని అరుస్తున్నారు. కీరన్ ఇంకో ముగ్గురితో కలిసి బండి మెట్టు మీద ఆయనకి అడ్డంగా నిలబడ్డాడు. స్టేషా పంపు దగ్గర నుంచి చూస్తోంది. గుంపులోంచి ఎవరో గట్టిగా ఏదో అరిచారు. కీరన్ అటు తల తిప్పాడు. అదే క్షణాన గుడ్డసంచి ఒకటి గాల్లో లేచి అతని ముఖం మీద పగిలింది. తెల్లటి పొడి పొగలా లేచింది.

గుర్రాలు బెదిరాయి. బండివాడు కొరడా ఝుళిపించాడు. బండి పక్క ఊరి దారి పట్టింది. పెద్దాయన ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు, అంతే.

స్టేషా ఏప్రన్ పంపు కింద తడిపి పరిగెత్తింది. రోడ్డు మీద దొర్లుతున్న మొగుడి తల ఒళ్ళో పెట్టుకుని ఆ తడి గుడ్డ కళ్ళ మీద గట్టిగా అదిమింది. కాలిన ఇనుము ముట్టుకున్నా ఏనాడూ అబ్బా అనని మనిషి పశువులా అరిచాడు. పొడి సున్నానికి తడి తగిలితే ఉడుకుతుందని బట్టీ ఇంట్లో పెరిగిన ఆమెకి తెలియనిది కాదు. ఆ నిమిషంలో తోచలేదు.

"తడి గుడ్డ ఎవరు పెట్టారు?" అని అడిగాడు డాక్టరు. "ముందు పొడి దులిపి, నూనె పొయ్యాల్సింది."

"నేనే డాక్టరు గారూ."

ఆయన లేచి చేతులు కడుక్కున్నాడు. ఒక కన్ను అప్పటికే పోయిందనీ, రెండోది కూడా నిలవదనీ బయటికొచ్చి చెప్పాడు.

ఆ సాయంత్రం పెరట్లో ఫింటన్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. కుడిచెయ్యి కోటు జేబులోంచి తీయలేదు.

"ఎలా ఉంది వాడికి?"

ఆమె అన్న ముఖంలోకి చూసింది. జవాబు అక్కడే ఉంది, అయినా అడిగింది.

"నువ్వా?"

"ఆయన మీద వేశాను స్టేషా. అమ్మ తోడు, ఆయన మీదే. బావ అడ్డం వస్తాడని నేననుకోలేదు." అతను వీధి వైపు చూశాడు. "పోలీసులకి చెప్తావా?"

తండ్రి పోయిన చలికాలం, తన కాళ్ళకి చుట్టడానికి ఇతను ఒంటి మీది చొక్కా చింపడం ఆమెకి గుర్తుంది. లోపల కీరన్ మూలుగుతున్నాడు. మధ్యలో ఆ పెరడు.

"వెళ్ళు," అంది. "నాకు కనపడకు."

పోలీసులు అడిగితే చూడలేదని చెప్పింది. ఆ తర్వాత ఒకరోజు బట్టీ బండి వచ్చి గుమ్మం ముందు ఆలుగడ్డల బస్తా, బొగ్గు దించి వెళ్ళింది. ఆమె వాటి వైపు చాలాసేపు చూసి లోపలికి లాక్కుంది. కొలిమి చల్లారిపోయింది, పిల్లలు ఆకలితో ఉన్నారు.

"ఎక్కడివి?" అని అడిగాడు కీరన్.

"అన్న పంపాడు."

"ఊఁ," అన్నాడు. 

పెద్దాయన మనిషి ఎన్నికలో ఓడిపోయాడు. ఆకులు రాలే కాలంలో పెద్దాయన జ్వరం వచ్చి చనిపోయాడు. కబురు విన్నప్పుడు కీరన్ పొయ్యి ముందు స్టూలు మీద ఉన్నాడు. చూపులేని కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు. అంత్యక్రియలకి డబ్లిన్ తీసుకెళ్ళమని స్టేషాని బతిమాలాడు. రైలు ఛార్జీలకి అన్నని అడగడం ఆమెకి చేతకాలేదు.

తర్వాతి ఏళ్ళన్నీ ఒక్కలాగే గడిచాయి. ఆమె హోటలువాళ్ళ దుప్పట్లు ఉతికింది. ఆడపిల్లలిద్దరూ పెరిగి వాటర్‌ఫర్డ్‌లో ఇళ్ళల్లో పనికి కుదిరారు. కీరన్ తడుముకుంటూ బుట్టలల్లడం నేర్చుకున్నాడు గానీ అవి వంకరగా వచ్చేవి. ప్రతి చలికాలం బట్టీ బండి వచ్చేది. ఫింటన్ మాత్రం గుమ్మం తొక్కేవాడు కాదు. ఆమె రాత్రిపూట నిద్రలో ఏదైనా వాగేస్తానేమోనని భయపడి, మొగుడు నిద్రపోయాక గానీ కళ్ళు మూసేది కాదు.

ఈలోగా సభలో చీలినవాళ్ళు మళ్ళీ కలిసిపోయారు. పెద్దాయన్ని తిట్టిన నోళ్ళే ఇప్పుడు ఆయనంతటివాడు లేడంటున్నాయి. జిల్లా మండలికి కొత్తగా ఎన్నికలు పెడితే ఫింటన్ గెలిచాడు. బజారు మధ్య పెద్దాయన పేర రాతి శిలువ నిలబెట్టడానికి కమిటీ వేశారు. దానికి అధ్యక్షుడూ ఫింటనే. ఆయన కోసం కళ్ళు పోగొట్టుకున్నవాడు వేదిక మీద లేకపోతే ఎలా అని కమిటీవాళ్ళు వచ్చి కీరన్‌ని పిలిచారు.

"వెళ్ళొద్దు," అంది స్టేషా.

"ఎందుకు వెళ్ళకూడదు? వెళ్తాను."

శిలువ ఆవిష్కరించే రోజు అతని చెయ్యి పట్టుకుని వేదిక మెట్లెక్కించి, కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె వెనక నిలబడింది. పక్క కుర్చీలో ఫాదర్. ఫింటన్ లేచాడు. జుట్టు నెరిసింది, కొత్త కోటు. పెద్దాయన మనకిచ్చింది భూమి కాదు, వెన్నెముక అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

"ఇదిగో, మా బావ! ఏ పాపిష్టివాడో చేసిన పనికి ఆ మహానుభావుడి బదులు తన రెండు కళ్ళూ ఇచ్చాడు!"

టోపీలు గాల్లోకి లేచాయి. ఆ మాట ఎంత అలవాటుగా వచ్చిందంటే, అన్న ఇప్పుడది నిజంగానే నమ్ముతున్నాడని స్టేషాకి అర్థమైంది. కీరన్ లేచి నిలబడి తల వంచి దణ్ణం పెట్టినట్టు చేసి కూర్చున్నాడు.

ఇంటికొచ్చి, అతని కోటు విప్పుతూ ఉండగా ఆమె చేతులు ఆగిపోయాయి.

"కీరన్, ఆ సంచి విసిరింది ఫింటన్."

అతను కోటులోంచి రెండో చెయ్యి తనే లాక్కున్నాడు.

"తెలుసు."

"ఏం తెలుసు? ఎప్పటినుంచి?"

"అప్పుడే. అరిచింది వాడేగా. వాడి గొంతు విని, బావ వచ్చాడు, మనవైపుకే వచ్చేశాడనుకుని తల తిప్పాను."

స్టేషా పొయ్యి గట్టు మీద కూర్చుంది.

"ఇన్నేళ్ళు నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేసేదానివి? బండి వెనక్కి పంపేదానివి. పిల్లలకేం పెట్టేదానివి?" తడుముకుంటూ స్టూలు మీద కూర్చుని, "నాకూ ఆకలేసేది స్టేషా," అన్నాడు.

"నేను నిద్రపోలేదు, కీరన్! నీకు తెలిస్తే చచ్చిపోతావని, వాణ్ణి చంపేస్తావని, నోట్లో గుడ్డ కుక్కుకుని పడుకున్నాను. నువ్వేమో పక్కనే ఉండి అన్నీ తెలిసి..."

"నువ్వు చెప్తావేమోనని చూశాను," అన్నాడతను. "మొదటి ఏడాదంతా చూశాను. చెప్పలేదు. అన్నే ఎక్కువ కాబోలనుకున్నాను."

 ఆమె లేచి అతని కోటు మేకుకి తగిలించి, పొయ్యిలో నిప్పు మీద బూడిద కప్పింది.

మర్నాడు పొద్దున్నే బట్టీకి వెళ్ళింది. ఫింటన్ బొగ్గు తూకం చూస్తున్నాడు.

"నీ బండి ఇక మా సందులోకి రావద్దు. కీరన్‌కి తెలుసట. మొదటినుంచీ తెలుసట."

ఫింటన్ చేతిలోని తూకపు రాయి దించేశాడు. తూకం బల్లకి ఆనుకున్నాడు. "మరి నిన్న వేదిక మీద... నేనట్లా అంటుంటే..."

"ఆఁ. వింటూ కూర్చున్నాడు."

ఆమె వెనుదిరిగి వచ్చేసింది. ఆ చలికాలం నుంచి బండి రాలేదు. హోటలుతో పాటు డాక్టరు ఇంట్లోనూ ఉతుకుడు పని ఒప్పుకుంది. చేతులు పగిలి నెత్తురు కారేవి. ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య ఉప్పందుకో, తలుపెయ్యి లాంటి మాటలే మిగిలాయి. ఇద్దరూ ఒకరినొకరు తప్పుపట్టలేకపోయారు, క్షమించనూ లేకపోయారు.

మూడో చలికాలం కీరన్ ఊపిరితిత్తుల జబ్బు చేసి చనిపోయాడు. ఊరి పద్ధతి ప్రకారం స్టేషా శవాన్ని ఇంట్లో ఉంచి తలుపు బార్లా తీసిపెట్టింది. ఆ రోజు ఎవరొచ్చినా కాదనకూడదు. మధ్యాహ్నం ఫింటన్ వచ్చాడు. అందరికీ ఇచ్చినట్టే అతనికీ కుర్చీ వేసి, మట్టి పైపు, పొగాకు ముందు పెట్టింది. అతను వాటిని ముట్టుకోలేదు. మిగతావాళ్ళు బయట మాట్లాడుకుంటున్నప్పుడు మెల్లగా అడిగాడు.

"పోయేముందు నా గురించి ఏమైనా అన్నాడా?"

"లేదు."

"తిట్టనైనా తిట్టలేదా?"

"లేదన్నా. ఏమీ అనలేదు."

అతను రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. స్టేషా దీపం ఒత్తి సరిచేసి, కొత్తగా వచ్చినవాళ్ళకి టీ పొయ్యడానికి వంటింట్లోకి వెళ్ళింది.

శవపేటిక మోసిన నలుగురిలో ఫింటన్ ఉన్నాడు. ఆ తర్వాత స్టేషా ఇంకా చాలా ఏళ్ళే బతికింది. ఆదివారాలు అన్నాచెల్లెళ్ళు చర్చిలో ఒకే వరసలో, ఆ చివర ఒకరు ఈ చివర ఒకరు కూర్చునేవారు. పూజ అయ్యాక అన్న ఎడమ తలుపులోంచి వెళ్ళేవాడు, ఆమె కుడి తలుపులోంచి వెళ్ళేది.